మా అబ్బాయి వాటా

అవయవలోపంతో పుట్టిన బిడ్డ ఉన్న ఇంటికి పరామర్శకు వచ్చేవారు సాధారణంగా రెండు మాటలు చెప్పి వెళతారు. ఇది అల్లాహ్ పెట్టిన పరీక్ష, సహనం వహించండి అన్నది మొదటిది. ఈ బిడ్డ మిమ్మల్ని స్వర్గానికి తీసుకువెళతాడు అన్నది రెండవది. రెండూ మనసుకు ఊరటనిచ్చే మాటలే, రెండింటినీ మేము విశ్వసిస్తాము. అయితే ఈ పదిహేడేళ్ళలో మూడవ మాట చెప్పినవారు మాకు ఇద్దరో ముగ్గురో తారసపడ్డారు. "బిడ్డకు ధ్రువీకరణ పత్రం తీసుకున్నారా? వాడికి రావలసినవి అడిగారా?" అన్నది ఆ మాట. మొదటి రెండు మాటలు నన్ను నిలబెట్టాయి. నా బిడ్డను కుర్చీలో కూర్చోబెట్టింది మాత్రం ఆ మూడవ మాట. అందుకే ఈ వ్యాసమంతా దాని గురించే రాస్తున్నాను.

మా అబ్బాయి 2008లో కడపలో పుట్టాడు. పుట్టగానే ఏడవలేదు. ఆరవ నెల వచ్చినా మెడ నిలపలేదు, ఏడాది నిండినా కూర్చోలేదు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు వైద్యులు. మెదడుకు ఒకసారి జరిగిన నష్టం అది. ఆ నష్టం పెరగదు, తగ్గదు. కానీ బిడ్డ ఎదుగుతుంటే బిగుసుకున్న కండరాలు ఎముకలను లాగుతూ ఉంటాయి. ఈ ఏడు చేసిన వ్యాయామం వచ్చే ఏడుకు సరిపోదు. ఈ ఏడు కొలిచి కుట్టించిన కాలి పట్టీలు వచ్చే ఏడుకు బిగుతవుతాయి. అంటే ఇది నయమై ముగిసే జబ్బు కాదు, ఇంట్లో ఒక మనిషితో సమానంగా జీవితాంతం సాగే పని. అందుకే ఆర్థిక సాయం సంగతి మొదటి రోజునుంచే ఆలోచించక తప్పదు. దుఆ మేము ఏనాడూ మానలేదు, వైద్యమూ మానలేదు. వ్యాధికి చికిత్స చేయించుకోమని చెప్పింది మన ప్రవక్తే (స) కదా.

పేర్ల సంగతి ఒకటి చెప్పి ముందుకు వెళతాను. మా వాడి వంటివారిని మొదట వికలాంగులు అన్నారు, తర్వాత విభిన్న ప్రతిభావంతులు అన్నారు, దివ్యాంగులు అన్నారు. పత్రాల మీద పేరు మారిన ప్రతిసారీ నాకు సంతోషమే. కార్యాలయం మెట్లు మాత్రం అవే.

2012లో జిల్లా ఆసుపత్రిలో సదరం శిబిరానికి వాడిని చంకనెత్తుకుని వెళ్ళాము. అప్పటి చట్టం 1995 నాటిది, ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించేది. 2016లో వచ్చిన కొత్త చట్టం 21 రకాలను గుర్తిస్తుంది. ఆటిజం, కండరాల క్షీణత, తలసేమియా, నేర్చుకోవడంలో ఇబ్బంది కూడా అందులో చేరాయి. కనీసం 40 శాతం అని నిర్ధారణ అయితేనే చాలా ప్రయోజనాలు వర్తిస్తాయి. మా వాడికి 90 శాతం అని రాశారు. ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు కన్నీళ్ళు రావడం సహజమే. బిడ్డ లోపానికి ప్రభుత్వం ముద్ర వేసినట్లు అనిపిస్తుంది. పక్కనున్న ఒక పెద్దావిడ, "ఏడవకమ్మా, నీ బిడ్డలో ఉన్నదే రాశారు, కొత్తగా ఏమీ పెట్టలేదు" అన్నది. ఆ మాటతో కన్నీళ్ళు తుడుచుకున్నాను.

ఆనాటి వరుసలో మా పేటకే చెందిన ఒక సోదరి కూడా ఉంది. మూడేళ్ళ పాపకు పుట్టుకతోనే వినికిడి లేదు. తెలిసినవారు ఎవరైనా చూస్తారేమోనని గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె వంతు రాకముందే అత్తగారు వచ్చి తీసుకువెళ్ళిపోయింది. పెద్ద పిల్లలు ఇద్దరు ఆడపిల్లలు, "ఈ ఇంట్లో చెవిటి పిల్ల ఉందని కాగితం మీద పడితే వాళ్ళకు సంబంధాలు వస్తాయా?" అన్నది ఆ అత్తగారి భయం. పుట్టుచెవుడు ఉన్న పసిపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స ఉంది, దానికి ప్రభుత్వ సాయమూ ఉంది. అయితే అది చిన్న వయసులోనే చేయాలి. మాటలు నేర్చే వయసు దాటిన కొద్దీ ఫలితం తగ్గిపోతుంది. ఆ పాపకు ఆ వయసు గోడవైపు తిరిగి నిలబడటంలోనే గడిచిపోయింది. అక్కలిద్దరికీ నిఖా అయింది, ఎవరూ చెల్లెలి చెవుల గురించి అడగలేదట. చెల్లెలు ఇప్పుడు ఆ ఇంట్లో గిన్నెలు తోముతూ ఉంటుంది. ఆ కుటుంబాన్ని నిందించడానికి నాకు మనసు రాదు. మన ఇళ్ళలో దాగి ఉన్న భయమే అది, వాళ్ళ ఇంట్లో బయటపడిందంతే.

రెండవ అడ్డంకి భయం కాదు, ఆత్మగౌరవం. "చేయి చాచడం మన ఇంటా వంటా లేదు" అని మా మామగారు అనేవారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. ఆయన కష్టజీవి, ఎవరి దగ్గరా పైసా తీసుకోని మనిషి. ఇస్లాం యాచనను గర్హిస్తుంది, నిజమే. కాని యాచనకూ హక్కుకూ మధ్య గీత ఎక్కడుందో మన చరిత్రే చూపిస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో కంటిచూపు లేని ఒక ముసలి యూదుడు ఇంటింటా అడుక్కుంటూ కనిపించాడు. ఆయన ఆ వృద్ధుణ్ణి తన ఇంటికి తీసుకువెళ్ళి ఉన్నదేదో ఇచ్చి, అంతటితో ఊరుకోలేదు. బైతుల్‌మాల్ అధికారిని పిలిపించి ఇతనికీ, ఇతని వంటివారికీ క్రమంగా భృతి ఏర్పాటు చేయమని ఆజ్ఞాపించారు. వయసులో ఉండగా పన్ను తీసుకుని, శక్తి ఉడిగాక వదిలివేయడం న్యాయం కాదన్నది ఆయన వాదన. ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఈ సంఘటనను నమోదు చేశారు. ఉమయ్యా ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ హిజ్రీ 88వ సంవత్సరంలో కుష్ఠురోగులకు భృతి ఇచ్చి వీధుల్లో యాచించవద్దన్నాడనీ, నడవలేనివారికి ఒక సహాయకుణ్ణి, చూపులేనివారికి చేయిపట్టి నడిపించే మనిషిని నియమించాడనీ చరిత్రకారులు రాశారు. వలీద్ పాలనలో మెచ్చరానివి చాలా ఉన్నాయి, ఈ ఒక్క పని మాత్రం మెచ్చదగినది. ఉమ్మడి ఖజానా నుండి అశక్తుడికి చేరే భృతి అతణ్ణి యాచన నుండి కాపాడేదే తప్ప యాచన కాదు. సబ్బుబిళ్ళ కొన్నప్పుడల్లా మనమూ పన్ను కడుతూనే ఉన్నాము. ఈ మాటలు మామగారికి నేను చెప్పలేదు, ఆయన ముందు అంత ధైర్యం నాకెక్కడిది! మా మస్జిద్ ఇమామ్ గారు చెప్పారు. ఆయన కొంతసేపు ఊరుకుని, "అయితే అది వాడి సొమ్ము. ఇంటి ఖర్చులో కలపకూడదు" అన్నారు. ఆ రోజునుంచి మా ఇంట్లో వాడికి వేరే డబ్బా, వేరే లెక్కల పుస్తకం ఉన్నాయి.

ఆ పుస్తకంలో మొదటి పేజీల్లో నెలకు 500 రూపాయలు అని ఉంటుంది. 2019లో అది 3,000 అయింది. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో 6,000 ఇస్తున్నారు. పూర్తిగా మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు, కండరాల క్షీణత తీవ్రమై చక్రాల కుర్చీకే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో ఉన్న మా చెల్లెలి మరిది కుమార్తెకు 2023 జూలై నుంచి 4,016 వస్తున్నది. ఒకటో తేదీ తెల్లవారుతుండగానే సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి ఇచ్చి వెళతాడు. వాడి పిడికిలి ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. దానిని మెల్లగా విప్పి, వేలు యంత్రం మీద ఆనించడానికి ఒక్కోసారి ఐదు నిమిషాలు పడుతుంది. మా వాడికి ఆ ఐదు నిమిషాలంటే మహా ఇష్టం. అంతమంది తన చేయి చూస్తుంటే నవ్వు ఆపుకోలేడు, నవ్వితే పిడికిలి మరింత బిగుస్తుంది. ఆ ఉద్యోగి ఏనాడూ విసుక్కోలేదు. ఈ సంగతి కూడా రాయడం న్యాయం.

ఆరు వేలు ఎలా ఖర్చవుతాయో ఆ పుస్తకమే చెబుతుంది. ఇంటికి వచ్చే ఫిజియోథెరపిస్టుకు ఒక పూటకు 300. వారానికి మూడుసార్లు రావలసిన మనిషిని రెండుసార్లకు కుదించుకున్నాము, అయినా నెలకు 2,400. మూర్ఛ రాకుండా వేసే మందులకు 900 పైచిలుకు. డైపర్లు మొదట రాత్రికి మాత్రమే, ఇప్పుడు ప్రయాణాలకు కూడా. మిగిలినది కాలి పట్టీలకోసం కూడబెడతాము. పట్టీలు కుట్టించే నెలలో మిక్సీ బాగుచేయించడం ఆగిపోతుంది. పింఛను ఆరు వేలు కాక మూడు వేలే ఉన్న రోజుల్లో ఫిజియోథెరపీ వారానికి ఒక్కసారే. ఆ కాలంలో వాడి కుడి మోకాలు ఎంత ముడుచుకుపోయిందో నా చేతులకు తెలుసు. ప్రభుత్వాలు పింఛను పెంచినప్పుడు పత్రికల్లో అంకెలు చూసి కొందరు పెదవి విరుస్తారు, ఉచితాలంటారు. మా ఇంట్లో ఆ అంకె ఒక మోకాలు.

2025లో వైకల్య ధ్రువపత్రాల పునఃపరిశీలన జరిగింది. అనర్హులను తొలగించడం న్యాయమే. అనర్హుడు తీసుకునేది అర్హుడి నోటిదగ్గర ముద్దే. కాని నడవలేని పిల్లలను పరీక్షించే శిబిరాన్ని మెట్లు ఎక్కితేగాని చేరలేని చోట ఒక కార్యాలయంవారు పెట్టారు. పదహారేళ్ళ కుర్రవాణ్ణి వాళ్ళ అబ్బా, మా తమ్ముడు కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకువెళ్ళారు. మా వాడి శాతం మారలేదు. ఎందరికో తగ్గింది, నోటీసులు వచ్చాయి. అప్పీలు చేసుకునే అవకాశం కూడా ఇచ్చారు. చదువురాని తల్లులు ఆ నోటీసునే తుది తీర్పు అనుకుని మడతపెట్టి బీరువాలో దాచుకున్నారు. మా వీధిలో అటువంటి నోటీసులు మూడింటిని మా చిన్నమ్మాయి బయటికి తీయించి అప్పీళ్ళు రాసి పెట్టింది. మొహల్లాలో చదువుకున్న పిల్లలు చేయదగిన సేవల్లో ఇంతకంటే చవకైనది, ఇంతకంటే అవసరమైనది నాకు తోచదు. పాత ధ్రువపత్రం, ఆసుపత్రి చీటీలు, ఆధార్, యు.డి.ఐ.డి. కార్డు అన్నిటి నకళ్ళు ఒక సంచిలో భద్రపరచండి. ఆధార్‌లో ఐదేళ్ళకు ఒకసారి, పదిహేనేళ్ళకు ఒకసారి వేలిముద్రలు మళ్ళీ నమోదు చేయించాలన్నది కూడా మరువవద్దు.

పింఛను ఒక్కటే సాయం అనుకునేవారు ఎక్కువ. నేషనల్ ట్రస్టు అని 1999 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ ఒకటి ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు గలవారికోసం అది పనిచేస్తుంది. దాని 'నిరామయ' బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు తిరిగి వస్తాయి. ఆసుపత్రిలో చేరినప్పటివే కాక థెరపీ ఖర్చు కూడా కొంతవరకు అందులో ఉంది. ముందుగా వైద్య పరీక్ష అడగరు, వయసు పరిమితి లేదు. నేను కలిసిన తల్లుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆ పేరే వినలేదు. పన్ను కట్టే ఉద్యోగులకు పాత పద్ధతిలో లెక్కిస్తే ఇటువంటి బిడ్డ పోషణ పేరున 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వోద్యోగి మరణానంతరం స్వయంగా సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఉద్యోగంలో ఉండగానే ఆ బిడ్డ వివరాలు రికార్డులో చేర్పించుకుంటే మంచిది. లేకుంటే ఆ తర్వాత తల్లి ఎన్ని మెట్లు ఎక్కాలో!

చదువు సంగతికి వస్తే, 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య వీరి హక్కు. ఇంటికి దగ్గరి బడిలోనైనా, ప్రత్యేక పాఠశాలలోనైనా. తీవ్ర వైకల్యం గల బిడ్డకు ఇంటివద్దనే విద్య అందించవచ్చునని విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ కూడా వచ్చింది. ఒక ప్రైవేటు బడి మా వాణ్ణి, "మిగతా పిల్లలు భయపడతారు" అని చేర్చుకోలేదు. పిల్లలు భయపడరని నాకు తెలుసు. మా వీధి పిల్లలు వాడి కుర్చీకి వంతులు వేసుకుని తోసేవారు. చివరికి మండలంలోని భవిత కేంద్రంలో చేరాడు. అక్కడి టీచరమ్మ మా వాడి కళ్ళ భాష కనిపెట్టింది. పైకి చూస్తే అవును, గట్టిగా మూస్తే కాదు. ఆరేళ్ళపాటు మాట్లాడలేడు అనుకున్న బిడ్డ ఆ తర్వాత ఎంత వాదనకారుడో మాకు తెలిసివచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైతే ముద్దకు ముద్దకు కళ్ళు మూస్తాడు.

కేంద్రం మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు. రవాణా భత్యం ఉంది గాని ఆటో కిరాయికి అది సరిపోయేది కాదు. ఇక్కడ మా మస్జిద్ కుర్రవాళ్ళ మాట చెప్పాలి. ప్రతి రంజానులో మన ఇళ్ళకు సేమియాలు, చక్కెర, ఖర్జూరాల సంచులు వస్తాయి. ఒక ఏడు మాకు ఏడు సంచులు వచ్చాయి. అల్లాహ్ ఇచ్చినవారికి మేలు చేయుగాక, మేము మొహర్రం దాకా సేమియాలు తిన్నాము. ఆ ఏడే ఒక కుర్రవాడు వచ్చి, "ఖాలా, సంచులు కాకుండా ఇంకేమైనా కావాలా?" అని అడిగాడు. ఆటో కావాలి అన్నాను. వాళ్ళు వెళ్ళి కూర్చుని ఆలోచించుకున్నారు. జకాత్ సొమ్ముతో ఇవ్వవచ్చా అని ఆలిమ్ గారిని అడిగారు. ఆయన వివరించిన దానిలో అందరికీ పనికివచ్చే అంశాలున్నాయి. తల్లిదండ్రులు తమ జకాత్‌ను తమ బిడ్డకే ఇచ్చుకోలేరు, పోషణ వారి బాధ్యతే గనుక. తండ్రి జకాత్ చెల్లించే స్తోమత గలవాడైతే హనఫీ మతం ప్రకారం అతని మైనరు బిడ్డకు ఇతరుల జకాత్ కూడా చెల్లదు. తండ్రి బీదవాడైతే చెల్లుతుంది, సొమ్మును ఆ కుటుంబం చేతిలో, వారి సొంతం చేసి పెట్టాలి. మేము నడిమి స్థితివాళ్ళము. కాబట్టి మాకు జకాత్ కాకుండా సదఖా నిధి నుండి, మాకంటే పేదలైన మరి రెండు కుటుంబాలకు జకాత్ నుండి ఏర్పాటు చేశారు. ముగ్గురు పిల్లలు, ఒకే ఆటో, వారానికి మూడు రోజులు. నాలుగేళ్ళు నడిచింది ఆ ఆటో.

దానివల్ల నాకు దక్కినది డబ్బు కాదు, రెండు గంటలు. ఈ విషయాన్ని ఏ పథకమూ లెక్కలోకి తీసుకోదు. పదిహేడేళ్ళ కుర్రవాణ్ణి పక్కమీదనుంచి లేపాలి, స్నానం చేయించాలి, ముద్దలు మెత్తగా కలిపి పెట్టాలి, రాత్రి రెండుసార్లు పక్క మార్చాలి. వాడి బరువు 38 కిలోలు, నా నడుము వయసు నా వయసుకంటే ఇరవై ఏళ్ళు ఎక్కువ. నా సొంత అక్క కూతురి నిఖాకు వెళ్ళి వలీమాకు ఉండలేకపోయాను. ఇటువంటి ఇంటికి వెళ్ళే సోదరీమణులకు నాది ఒక్కటే మనవి. పండ్లు తీసుకువెళ్ళండి, దుఆ చేయండి, కానీ ఒక పూట, "నేను కూర్చుంటాను, నీవు వెళ్ళి పడుకో" అనండి. ఆ మాట నాతో అన్నది మా వదిన ఒక్కతే. ఆమె ఇంటికి రావడం చూస్తే మా వాడు కూడా నన్ను పొమ్మన్నట్లు కళ్ళతో తలుపు చూపిస్తాడు.

మస్జిద్ విషయం కూడా సాయంలో భాగమే. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఆయన పక్షాన 'అబస' సూరా అవతరించింది. మదీనాలో ఆయన అజాన్ ఇచ్చేవారు. దైవప్రవక్త (స) ప్రయాణాలకు వెళ్ళినప్పుడు పలుమార్లు మదీనా బాధ్యతను ఆయనకే అప్పగించారు. చేయి పట్టుకుని తీసుకువచ్చేవారు లేరు, ఇంట్లోనే నమాజు చేసుకోవచ్చునా అని ఆయన అడిగితే, అజాన్ వినిపిస్తుందా అని అడిగి, అయితే రావాలన్నారు. ఈ హదీసుపై ధర్మశాస్త్రవేత్తల చర్చలు నాకు పూర్తిగా తెలియవు. తల్లిగా నాకు దానిలో వినిపించేది ఒక పిలుపు, నీ స్థానం ఇక్కడ అనే పిలుపు. మా మస్జిద్‌కు ఐదు మెట్లు. డైపరు వేసుకున్నవాణ్ణి లోపలికి తేవచ్చా అని మొదట ఒకరిద్దరు సందేహించారు. శుభ్రమైనది మార్చి తీసుకురండి, తన అదుపులో లేనివాడికి షరీఅత్‌లో సడలింపు ఉంది అని ఇమామ్ గారు తేల్చారు. వెల్డింగు పని చేసే ఒక సోదరుడు ఇనుప రేకుతో ఏటవాలు బాట చేసి ఇచ్చాడు. ఇప్పుడు దానిమీద మోకాళ్ళ నొప్పుల పెద్దలే ఎక్కువ నడుస్తున్నారు. వాడు జుమాకు వెళతాడు, కళ్ళతో, తలతో సైగ చేసి నమాజు చేస్తాడు.

ఇక మమ్మల్ని నిద్రపోనివ్వని విషయం. ఈ సంవత్సరం వాడికి 18 నిండుతాయి. షరీఅత్ ప్రకారం ఎప్పుడో యుక్తవయస్కుడయ్యాడు. దేశ చట్టం ఇప్పుడు మేజరు అంటుంది. ఆ రోజునుంచి తల్లిదండ్రులమన్న కారణంతో వాడి తరఫున మేము సంతకం చేయలేము. బ్యాంకు ఖాతా, శస్త్రచికిత్సకు సమ్మతి, ఆస్తి వ్యవహారం అన్నిటికీ అడ్డు వస్తుంది. నేషనల్ ట్రస్టు చట్టంలో దీనికి మార్గం ఉంది. జిల్లా కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వికలాంగులైన ఒక వ్యక్తి కలిసిన స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకుంటే సంరక్షకుణ్ణి నియమిస్తుంది. ఆ ధ్రువపత్రాన్ని బ్యాంకులు అంగీకరించాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. సంరక్షకుడు ఆరు నెలల్లోగా ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపాలి. బాధ్యత సక్రమంగా నిర్వహించకుంటే తొలగించవచ్చు కూడా.

వ్యవహారజ్ఞానం లేనివారి చేతికి సొమ్ము అప్పగించకుండా, దానినుండే వారికి అన్నవస్త్రాలు సమకూర్చి, వారితో మంచిగా మాట్లాడమని అన్నిసా సూరాలో ఆదేశం ఉంది. నా మనసు చివరి మాట దగ్గరే ఆగుతుంది. అన్నవస్త్రాలతో ముగించకుండా మాట్లాడే తీరు గురించి కూడా చెప్పాడు అల్లాహ్. మా వాడికి తెలివి ఉంది, నోరు లేదు. వాడి తరఫున అన్నీ మేమే నిర్ణయించే అధికారం తీసుకోవడం సబబేనా? 2016 చట్టం పరిమిత సంరక్షణ అనే పద్ధతిని చెబుతుంది. అందులో సంరక్షకుడు వికలాంగుడితో కలిసి నిర్ణయిస్తాడు, అతని ఇష్టం తెలుసుకుని నడుచుకుంటాడు. మా వాడి వంటివారికి అదే న్యాయమని నా అభిప్రాయం. బుద్ధి బొత్తిగా ఎదగని బిడ్డల తల్లులు వేరుగా ఆలోచించవచ్చు, వారి కష్టం వారికి తెలుసు.

మేము లేనినాడు ఎవరు అన్నది మరొక ప్రశ్న. వారసత్వంలో వాడి వాటా వాడికి ఉంది. వైకల్యం కారణంగా అల్లాహ్ నిర్ణయించిన భాగంలో చిల్లిగవ్వ తగ్గదు. కొన్ని ఇళ్ళలో "వాడికెందుకు ఆస్తి, అన్నం పెడుతున్నాం కదా" అని సోదరులు రాయించుకోవడం నేను చూశాను. అది బిడ్డ హక్కును కాజేయడమే. మరోవైపు, వాటాకు మించి వాడికి ఇవ్వాలని తండ్రికి ఉంటుంది. వారసుడికి వసీయత్ చెల్లదు, మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప. బతికుండగా హిబా చేయవచ్చు, కాని సంతానం మధ్య కానుకల్లో సమానత్వం పాటించమని నుఅమాన్ బిన్ బషీర్ (రజి) హదీసు మనకు తెలిసిందే. దీర్ఘవ్యాధి, అంధత్వం వంటి నిజమైన అవసరం ఉన్న బిడ్డకు ఎక్కువ ఇవ్వవచ్చునని ఇమామ్ ఇబ్నె ఖుదామా వంటి పండితులు అభిప్రాయపడ్డారు. మాకున్నది రెండు సెంట్ల ఇల్లు. అందులో కింది భాగం వాడి పేర హిబా చేయాలని వాళ్ళ అబ్బా సంకల్పం. ఆడపిల్లలిద్దరినీ పిలిచి అడిగారు. చిన్నది వెంటనే సరేనన్నది. పెద్దది, నంద్యాలలో కాపురం, వారం రోజులు జవాబు ఇవ్వలేదు. ఆ వారం ఆయన అన్నం సరిగా తినలేదు. ఎనిమిదవ రోజు భర్తతో కలిసి వచ్చింది. "అబ్బా, నేను ఒప్పుకుంటున్నాను. కాని మా ఆయనతో మాట్లాడకుండా ఒప్పుకుంటే రేపు మాట వస్తుందని ఆగాను" అన్నది. ఆలస్యమైనా అదే గట్టి జవాబు అని నాకనిపించింది.

మా తర్వాత సంరక్షకురాలిగా ఎవరుంటారన్న మాట కూడా ఆనాడే వచ్చింది. చిన్నమ్మాయి తాను ఉంటానన్నది. పెళ్ళి కావలసిన పిల్ల, ఆ బరువు ఇప్పుడే ఎత్తుకోవద్దని నేను అడ్డుచెప్పాను. పెళ్ళి మాటలప్పుడే ఈ సంగతి చెబుతాను, కాదన్నవారు ముందే తెలిసిపోతారు కదా అమ్మీ అన్నది. తర్వాత తమ్ముడి కుర్చీ ముందు నేలమీద కూర్చుంది. "అబ్బా, అమ్మీ తర్వాత నీ కాగితాల మీద నేను సంతకాలు పెట్టనా? నీకు ఇష్టం లేకపోతే పెట్టను" అని అడిగింది. వాడు వెంటనే జవాబు చెప్పలేదు. గదిలో ఉన్న మా అందరినీ ఒక్కొక్కరినే చూశాడు, అక్కను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత కళ్ళు పైకెత్తాడు.

దరఖాస్తుకు కావలసిన కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాము. వాడి కొత్త ఫోటో ఒక్కటి మిగిలింది. ఫోటోగ్రాఫరు నవ్వవద్దంటాడు, వాడు నవ్వకుండా ఉండలేడు.